రాకీ హారరా, ఫాంటమా? కల్ట్ మ్యూజికల్స్‌లో ముందు ఏది చూడాలి

కల్ట్ మ్యూజికల్స్ (పాటలతో కథ నడిచే, కొద్దిమంది పిచ్చిగా ప్రేమించే సినిమాలు) చూడ్డం మొదలుపెడతాను, ముందు ఏది చూడాలి అని ఎవరైనా అడిగితే చాలామంది ఆలోచించకుండా చెప్పే పేరు ఒకటే: 'ది రాకీ హారర్ పిక్చర్ షో'. నేను మాత్రం ఆ సలహా ఇవ్వను. ఆ సినిమా అంటే నాకు ప్రాణం, అయినా ఇవ్వను. ఎందుకంటే ఈ రకం సినిమాల్లో ఏది గొప్పది అనే దానికంటే, చూసేటప్పుడు మీ పక్కన ఎవరుంటారు అనేదే ముఖ్యం. చాలా మ్యూజికల్స్‌కి ఆ పట్టింపు లేదు, ఎవరితో చూసినా ఒకేలా ఉంటాయి. కల్ట్ మ్యూజికల్స్ అలా కాదు. వీటిలో చాలావరకు విడుదలైనప్పుడు ఫ్లాపులే. తర్వాత ఎక్కడో కొద్దిమంది పట్టుకుని, మళ్ళీ మళ్ళీ చూసి, పక్కవాళ్ళని లాక్కొచ్చి కూర్చోబెట్టి బతికించుకున్నవి. ఎలాంటి వాళ్ళు బతికించారో తెలిస్తే అది ఎలా చూడాల్సిన సినిమానో తెలిసిపోతుంది.

రాకీ హారర్ నేను మొదటిసారి చూసింది అర్ధరాత్రి, ఒక్కడినే, లైట్లు తీసేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. మొదలు అదిరిపోయింది. నల్లటి తెర మీద ఎర్రటి పెదవులు మాత్రమే కనిపిస్తాయి, వాటి వెనక ముఖం కూడా ఉండదు, అవే పాట మొత్తం పాడతాయి. (ఆ పెదవులు నటి ప్యాట్రీషియా క్విన్‌వి, గొంతు మాత్రం ఈ కథ రాసిన రిచర్డ్ ఓబ్రయన్‌ది. ఈ సంగతి తెలిశాక ఆ పాట చూడ్డం ఇంకా బావుంటుంది.) ముఖ్య పాత్ర వేసిన టిమ్ కర్రీ లిఫ్టులో దిగి వచ్చే దాకా కళ్ళార్పలేదు. ఆ తర్వాత మెల్లగా నీరసం మొదలైంది. డైలాగుకీ డైలాగుకీ మధ్య ఏదో ఖాళీ, నటులు ఎవరికోసమో ఆగి ఎదురుచూస్తున్నట్టు. సగంలో ఆపేశాను, ఇందులో ఏముందని జనం ఇన్నేళ్ళుగా ఇంత గోల చేస్తున్నారో అర్థం కాలేదు.

చాలా రోజుల తర్వాత, ఈ సినిమాని పదిసార్లు చూసిన స్నేహితులు ఇద్దరు ఉన్న గుంపులో మళ్ళీ చూశాను. అప్పుడు తెలిసింది ఆ ఖాళీలు ఎవరివో. అవి ప్రేక్షకులవి. 1975లో థియేటర్లలో సరిగ్గా ఆడని ఈ సినిమా 1976 ఏప్రిల్ 1 నుంచి న్యూయార్క్‌లోని వేవర్లీ థియేటర్‌లో అర్ధరాత్రి షోలుగా పడింది. వచ్చిన వాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చి, తెర మీద వాళ్ళకి తిరిగి జవాబులు చెప్పడం మొదలుపెట్టారు. వానలో హీరోయిన్ జానెట్ తల మీద న్యూస్‌పేపర్ పెట్టుకుని నడుస్తుంటే, గొడుగు కొనుక్కోవచ్చు కదా అని ఒక అరుపు. పెళ్ళి సీన్‌లో బియ్యం చల్లడం, వాన సీన్‌లో నీళ్ళ తుపాకులు, వాటికి అడ్డంగా వీళ్ళూ తలల మీద పేపర్లు. తర్వాత తర్వాత తెర ముందు అభిమానులే ఆ వేషాలు వేసుకుని సినిమాతో పాటు నటించేయడం, దాన్నే షాడో కాస్ట్ అంటారు. ఇప్పటికీ అది ఎక్కడో ఒక థియేటర్‌లో ఆడుతూనే ఉంది, సినిమా చరిత్రలో అన్నిటికంటే ఎక్కువకాలం థియేటర్లలో ఆడుతున్న సినిమా అదే. అంటే మనం ఇంట్లో ఒంటరిగా చూసేది ఆ అనుభవంలో సగమే. రెండో సగం సీట్లలో ఉంది.

అందుకని రాకీ హారర్ విషయంలో నా మాట ఇది: కనీసం నలుగురైనా లేకపోతే పక్కన పెట్టండి. ఉంటే మాత్రం, వాళ్ళలో ఒక్కరికైనా పాటలు నోటికి రావాలి. 'టైమ్ వార్ప్' పాటలో స్టెప్పులు ఏంటో పాటలోనే చెప్పేస్తారు కాబట్టి లేచి వేయడానికి ముందే నేర్చుకోవాల్సిన పని లేదు. ఇది పెద్దవాళ్ళ సినిమా, శృంగారం ఒళ్ళంతా నిండి ఉంటుంది. ఇంట్లో పెద్దల పక్కన కూర్చుని చూస్తే ఇద్దరికీ ఇబ్బందే.

ఒంటరిగా చూసేవాళ్ళకి నేను చెప్పేది 'ఫాంటమ్ ఆఫ్ ది ప్యారడైజ్'. రాకీ హారర్ కంటే ఒక ఏడాది ముందు, 1974లో వచ్చింది. బ్రయన్ డి పాల్మా తీశాడు, పాటలన్నీ పాల్ విలియమ్స్‌వి, విలన్ వేషం కూడా ఆయనదే. రెండూ ఒకే స్టూడియో, ట్వంటీయత్ సెంచురీ ఫాక్స్ విడుదల చేసినవే, రెండిట్లోనూ భయం, రాక్ సంగీతం, వెర్రి కలిసే ఉంటాయి, అందుకే ఎప్పుడూ ఈ రెండిటినీ పక్కపక్కన పెడతారు. కానీ చూస్తే రెండిటి స్వభావం వేరు. రాకీ హారర్ మిమ్మల్ని పార్టీకి పిలుస్తుంది. ఫాంటమ్ ఒక మనిషి కథ చెబుతుంది, ఆ మనిషి కోసం మీ గుండె తరుక్కుపోతుంది.

కథ పాతదే. విన్‌స్లో అనే అమాయకుడు ఏళ్ళ తరబడి కూర్చుని ఒక పెద్ద సంగీత రచన చేస్తే, స్వాన్ అనే నిర్మాత దాన్ని కాజేసి, ఇతన్ని జైలుకి పంపిస్తాడు. తప్పించుకొచ్చిన విన్‌స్లో రికార్డులు అచ్చేసే యంత్రంలో పడి ముఖం కాల్చుకుంటాడు, గొంతు పోతుంది, ముసుగేసుకుని స్వాన్ కట్టిన థియేటర్‌లో దెయ్యంలా తిరుగుతాడు. దెయ్యంతో ఒప్పందం రాసుకున్న ఫౌస్ట్ కథ, ఒపెరా థియేటర్‌లో ముసుగేసుకుని తిరిగే ఫాంటమ్ కథ, తన బదులు తన బొమ్మ ముసలిదయ్యే డోరియన్ గ్రే కథ, మూడూ కలిపి రుబ్బేశారు.

ఇందులో ఒక్క సీన్ గురించి మాత్రం వివరంగా చెప్పాలి. గొంతు పోయిన విన్‌స్లోని స్వాన్ రికార్డింగ్ స్టూడియోలో కూర్చోబెడతాడు. గోడల నిండా వైర్లు, నాబ్‌లు, మీటర్లు (అవి సెట్ కోసం చేసిన బొమ్మలు కావు, టాంటో అనే నిజం సింథసైజర్, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యం). విన్‌స్లో ఛాతీ మీద ఒక చిన్న పెట్టె, దాంట్లోంచి వచ్చేది మాట కాదు, గరగర. స్వాన్ అద్దానికి అవతల కూర్చుని ఒక్కో నాబ్ తిప్పుతుంటాడు, విన్‌స్లో పాడుతుంటాడు. గరగర కాస్త తగ్గుతుంది, మళ్ళీ తిప్పుతాడు, ఇంకాస్త తేటపడుతుంది, చివరికి స్వచ్ఛమైన గొంతు బయటికి వస్తుంది. ఆ వచ్చిన గొంతు ఎవరిదో తెలుసా? పాల్ విలియమ్స్‌దే. అంటే స్వాన్ వేషం వేసినవాడి గొంతే. దొంగ తను దోచుకున్న వాడికి తన గొంతునే తొడిగాడు. సినిమాలో ఎవరూ ఈ మాట నోరు తెరిచి చెప్పరు. మొదటిసారి గమనించినప్పుడు వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను. ఇలాంటివి పట్టుకోవాలంటే నిశ్శబ్దం కావాలి, పక్కన ఎవరూ అరవకూడదు. అందుకే ఇది ఒంటరి సినిమా.

ఇంకో సంగతి కూడా ఉంది. బీఫ్ అనే గాయకుడు స్టేజి మీద కరెంటు షాక్ కొట్టి చచ్చిపోతే, కింద జనం అది షోలో భాగమనుకుని ఊగిపోతూ కేకలు పెడతారు. ప్రేక్షకులు సినిమాని బతికించిన కథ రాకీ హారర్‌ది అయితే, ప్రేక్షకులు ఏం చూస్తున్నారో తెలియకుండా చప్పట్లు కొట్టే కథ ఫాంటమ్. ఒకటి చూశాక రెండోది చూస్తే ఈ తేడా మనసులో చాలాసేపు తిరుగుతుంది. ఫాంటమ్ కూడా అమెరికాలో ఫ్లాపే, కానీ కెనడాలోని విన్నిపెగ్‌లో మాత్రం నెలల తరబడి ఆడింది, అదీ ఎక్కువగా చిన్నపిల్లలు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూడ్డం వల్ల. ఆ పిల్లలే పెద్దయ్యాక 2005లో ఆ ఊళ్ళో దానికోసం ఒక పండగ పెట్టి నటుల్ని పిలిపించుకున్నారు. పారిస్‌లోనూ దానికి అంతే ప్రేమ దొరికింది. ఆ ఊళ్ళోనే ఈ సినిమా మీద పిచ్చి ప్రేమ పెంచుకున్న ఎలక్ట్రానిక్ సంగీత జంట డాఫ్ట్ పంక్, 2013 ఆల్బమ్‌లో పాల్ విలియమ్స్ చేతే పాడించుకుంది.

మీరు ఇద్దరే ఉన్నారు, ఒకరికి మ్యూజికల్స్ అంటే అసలు పడదు, అలాంటప్పుడు ఈ రెండూ వద్దు. 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' పెట్టండి, 1986ది, ఫ్రాంక్ ఆజ్ తీసింది. 1960లో రోజర్ కోర్మన్ రెండు మూడు రోజుల్లో చుట్టేసిన చవక సినిమా ఒకటుంది, దాన్ని 1982లో హోవర్డ్ ఆష్‌మన్, అలన్ మెంకెన్ రంగస్థలం మీదికి పాటలతో తెచ్చారు, అది మళ్ళీ సినిమా అయింది. పూలకొట్టులో పనిచేసే బిడియస్తుడికి ఒక వింత మొక్క దొరుకుతుంది, దానికి రక్తం కావాలి. అంతే కథ. మ్యూజికల్ అంటే ముఖం చిట్లించే వాళ్ళు కూడా దీనికి ఎందుకు లొంగుతారంటే, ఇందులో ఒక్క పాటా కథని ఆపదు. పాట మొదలయ్యేటప్పుడు ఒక పరిస్థితి ఉంటుంది, అయ్యేసరికి అది మారిపోయి ఉంటుంది. ఈ ఇద్దరే తర్వాత 1989లో డిస్నీకి 'ది లిటిల్ మర్మెయిడ్' పాటలు చేశారు, వింటే ఆ చెయ్యి ఇక్కడే గుర్తుపట్టొచ్చు.

ఆ మొక్క పెదవులు చూడండి, దయచేసి. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఏమీ లేవు, పూర్తిగా బొమ్మే, పెద్ద సైజు వచ్చేసరికి దాన్ని కదిలించడానికి పదుల కొద్దీ మనుషులు కావాల్సి వచ్చింది. మామూలు వేగంలో ఆ పెదవులు పాటకి అందవు. అందుకని కెమెరాని తక్కువ వేగంతో నడిపి తీశారు, తెర మీద మామూలుగా వేసేసరికి మొక్క గబగబా పాడుతున్నట్టు వస్తుంది. అంటే దాని పక్కన నటించే రిక్ మొరానిస్ ఆ షాట్లలో నెమ్మదిగా కదలాలి, నెమ్మదిగా మాట్లాడాలి, మనకి మాత్రం మామూలుగా కనిపించాలి. ఎంత వెతికినా ఎక్కడా అతుకు కనపడదు. గొంతు ఫోర్ టాప్స్ బృందం గాయకుడు లీవై స్టబ్స్‌ది, ఆ గొంతులో ఆకలి వినిపిస్తుంది.

దీనికి రెండు క్లైమాక్స్‌లు ఉన్నాయి, ఏది చూడాలో ముందే తేల్చుకోండి. మొదట తీసిన దాంట్లో మొక్క హీరో హీరోయిన్లని మింగేసి నగరాల మీద పడుతుంది. ముందస్తు షోలలో జనం ప్రతి పాటకీ చప్పట్లు కొట్టి, వాళ్ళిద్దరూ చనిపోగానే బిగుసుకుపోయారు. నాటకంలో అయితే చచ్చిన నటులు చివర్లో మళ్ళీ వచ్చి దండం పెడతారు, సినిమాలో రారు, అందుకే జనం తట్టుకోలేదని ఫ్రాంక్ ఆజ్ తర్వాత వివరించాడు. సుఖాంతం మళ్ళీ తీసి విడుదల చేశారు. పాత ముగింపు రంగుల్లో, పూర్తిగా బాగుచేసి 2012లో డైరెక్టర్స్ కట్‌గా (దర్శకుడు మొదట అనుకున్న రూపంలో) వచ్చింది. మ్యూజికల్స్ పడని వాళ్ళతో మొదటిసారి చూస్తుంటే థియేటర్ వెర్షనే పెట్టండి, ఆ జంటని ప్రేమించాక మింగించెయ్యడం మరీ అన్యాయం. మీకు నచ్చితే రెండోసారి డైరెక్టర్స్ కట్ చూడండి, అందులో బొమ్మ నగరాలు కూలే దృశ్యాలు చూసి తీరాల్సినవి. కథకి ఏది న్యాయం అంటే నా ఓటు పాత ముగింపుకే. అంత రక్తం తాగించినవాడు ఊరికే తప్పించుకోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఏడవాలని ఉన్న రోజుకి 'హెడ్విగ్ అండ్ ది యాంగ్రీ ఇంచ్' (2001). జాన్ కామెరూన్ మిచెల్ తనే రాసి, తీసి, నటించాడు, పాటలు స్టీఫెన్ ట్రాస్క్‌వి. తూర్పు బెర్లిన్ కుర్రాడు ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్ళి చేసుకుని బెర్లిన్ గోడ దాటడం కోసం ఆడదానిగా మారే ఆపరేషన్ చేయించుకుంటాడు, అది చెడుతుంది. పేరు, దేశం, శరీరం అన్నీ వదులుకుని అమెరికా చేరిన హెడ్విగ్ కాన్సస్‌లో ఒక ట్రైలర్ ఇంట్లో (బండిలా లాక్కెళ్ళగలిగే చిన్న ఇల్లు) ఒంటరిగా కూర్చుని ఉంటే, టీవీలో బెర్లిన్ గోడ కూలుతున్న వార్త. దేనికోసం అంతా పోగొట్టుకుందో అది ఇక ఎవరికీ అక్కర్లేదు. ఆ వెంటనే వచ్చే పాటలో ఆమె ఒక్కో విగ్గూ పెట్టుకుంటూ లేచి నిలబడుతుంది, పాట మధ్యలో ట్రైలర్ గోడ కిందికి వాలి స్టేజి అయిపోతుంది. అక్కడ ఏడుపు, నవ్వు ఒకేసారి వస్తాయి. ఇది ఒంటరిగా అయినా చూడొచ్చు, బాగా దగ్గరి మనిషి ఒక్కరితో అయినా చూడొచ్చు, గుంపుకి మాత్రం కాదు. పాటల్లో మాటలే ప్రాణం కాబట్టి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. ముఖ్యంగా 'ది ఆరిజిన్ ఆఫ్ లవ్' పాటకి. ప్లేటో చెప్పిన పాత కథ, మనుషులు ఒకప్పుడు జంటలుగా అతుక్కుని ఉండేవాళ్ళని, దేవుళ్ళు చీల్చారని. చేత్తో గీసిన బొమ్మలు వెనక కదులుతుంటాయి.

దీనికి పోటీగా పోలండ్ సినిమా 'ది లూర్' (2015) పేరు కూడా వినిపిస్తుంటుంది. 1980ల వార్సాలో ఒక నైట్‌క్లబ్‌లో పాడే ఇద్దరు మత్స్యకన్యల కథ. వాళ్ళ తోకలు బొమ్మల పుస్తకాల్లో ఉన్నట్టు మెరవవు, పొడుగ్గా, పాములా, జిగురుగా ఉంటాయి. నాకు చాలా ఇష్టం, కానీ హెడ్విగ్ చూశాకే చూడమంటాను. హెడ్విగ్ మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది, లూర్ నీళ్ళలోకి తోసేస్తుంది.

రక్తం, శవాలు ఉన్నా ఫరవాలేదు అనేవాళ్ళకి రెండు దారులు. 'రెపో! ది జెనెటిక్ ఒపెరా' (2008) దాదాపు మొత్తం పాటే, వాయిదాలు కట్టని వాళ్ళ ఒంట్లోంచి అప్పుకిచ్చిన అవయవాలు కోసుకుపోయే లోకం. ఊహ బావుంది, కొన్ని పాటలు బావున్నాయి, కానీ పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు లేదు. నేనైతే 'ది హ్యాపీనెస్ ఆఫ్ ది కటకురీస్' వైపే. తకాషి మీకే 2001లో తీసిన జపాన్ సినిమా, 1998 నాటి కొరియా సినిమా 'ది క్వయట్ ఫ్యామిలీ'కి రీమేక్. ఉద్యోగం పోయిన తండ్రి కుటుంబంతో కొండల్లో అతిథి గృహం పెడతాడు, ఒక రోడ్డు పడుతుందని ఆశ. రోడ్డు రాదు. వచ్చిన అతిథులు ఒక్కొక్కరే చచ్చిపోతుంటారు, ఎవరూ చంపలేదు, అయినా పేరు పోతుందని కుటుంబమంతా కలిసి రాత్రిళ్ళు పూడ్చిపెడుతుంటారు, మధ్యమధ్యలో పాడుతుంటారు. ఖరీదైన దృశ్యాలు వచ్చినప్పుడల్లా మనుషులు మాయమై మట్టిబొమ్మలు వస్తాయి. తల్లీతండ్రీ పాడుకునే పాటకి తెర మీద కరోకే అక్షరాలు పడతాయి. ఇంత వింతలోనూ ఆ కుటుంబం ఒకరినొకరు వదలకపోవడం చూస్తే మనసు నిండిపోతుంది. నలుగురు స్నేహితులుండి రాకీ హారర్ వద్దనుకుంటే నా రెండో మాట ఇదే. మొదటి అయిదు నిమిషాల్లో ఒక రెస్టారెంట్‌లో సూప్ గిన్నెలోంచి ఏదో బయటికి వస్తుంది, అది చూసి ఆపెయ్యకండి, మిగతా సినిమా అలా ఉండదు.

పిల్లలతో అయితే పైవాటిలో ఏదీ వద్దు. 'బగ్సీ మలోన్' (1976), 'ది 5,000 ఫింగర్స్ ఆఫ్ డాక్టర్ టి' (1953), ఈ రెండిట్లో ఎంచుకోండి. బగ్సీ మలోన్‌లో అందరూ పిల్లలే, గ్యాంగ్‌స్టర్ల వేషాల్లో, తుపాకుల్లోంచి తూటాలకి బదులు క్రీమ్, కార్లకి పెడల్స్. పాటలు మళ్ళీ మన పాల్ విలియమ్స్‌వే, కానీ పాడింది పెద్దవాళ్ళు, చిన్నపిల్లల పెదవుల మీద పెద్ద గొంతులు వినడం కొందరికి అస్సలు పడదు. డాక్టర్ టి సినిమా పిల్లల పుస్తకాల డాక్టర్ స్యూస్ రాసింది, ఐదు వందల మంది పిల్లల్ని ఒకే పెద్ద పియానో ముందు కూర్చోబెట్టాలనుకునే మాస్టారి కథ, అందుకే 5,000 వేళ్ళు. పియానో తప్ప మిగతా వాద్యాలు వాయించే వాళ్ళందరినీ ఆ మాస్టారు నేలమాళిగలో వేస్తాడు, వాళ్ళు అక్కడ చేసే డాన్స్ ఒక్కటి చాలు. ఆరేడేళ్ళ పిల్లలకి కొంచెం భయం వేస్తుంది, పక్కనే కూర్చోండి. బలవంతంగా సంగీతం క్లాసుకి వెళ్తున్న పిల్లలుంటే మాత్రం ఇంకేం ఆలోచించొద్దు, డాక్టర్ టి పెట్టెయ్యండి.

'జానడూ' (1980) గురించి తప్పకుండా అడుగుతారు. 67 ఏళ్ళ పాతతరం డాన్స్ హీరో జీన్ కెలీ, రోలర్ స్కేట్ల మీద గాయని ఒలీవియా న్యూటన్-జాన్, పాటలు సూపర్ హిట్, సినిమా ఎంత తిట్లు తిన్నదంటే చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డుల ఆలోచన పుట్టడానికి ఇదీ ఒక కారణం. పాటలు వినండి. జీన్ కెలీ డాన్స్ చేసే చోట్లు చూడండి. మిగతాది తీరిక ఉంటేనే.

ఇక రాకీ హారర్ నచ్చినవాళ్ళు వెంటనే 'షాక్ ట్రీట్‌మెంట్' (1981) కోసం వెతుకుతారు, అదే రచయిత, అదే దర్శకుడు జిమ్ షార్మన్, బ్రాడ్, జానెట్ పాత్రలు కూడా ఉన్నాయి కాబట్టి. రెండో భాగం అనుకుని చూస్తే నిరాశే, టిమ్ కర్రీ లేడు, ఆ జంటగా వేసిన పాత నటులిద్దరూ కూడా లేరు. ఊరంతా ఒక టీవీ స్టూడియో లోపలే, అక్కడి జనం ప్రేక్షకుల సీట్లలోనే పడుకుంటారు, లేస్తారు. రాకీ హారర్, ఫాంటమ్ రెండూ చూసేదాకా దీన్ని దాచుకోండి. ఇందులో జానెట్‌గా వేసిన జెసికా హార్పరే ఫాంటమ్‌లో విన్‌స్లో తన పాటలు ఎవరి గొంతులో వినాలనుకున్నాడో ఆ ఫీనిక్స్. ఆమె మొదటి పాట అందుకోగానే గుర్తుపడతారు.